లేసులు కట్టే ఇరవై నిమిషాలు

మెత్తటి స్పాంజి బంతుల్ని ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. సబ్బు ఎక్కువైతే చేతుల్లోంచి జారిపోతాయి, తక్కువైతే టెన్నిస్ కోర్టు మట్టి వదలదు. నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆమె అలాగే ఉతికి, పాత దోమతెరతో కుట్టిన సంచుల్లో పోసి, పెరట్లో తీగకి వేలాడదీస్తుంది. "మా కోడలు బట్టలకంటే బంతులే ఎక్కువ ఆరేస్తుంది," అని అత్తగారు గోడ మీదుగా పక్కింటావిడకి చెప్పి నవ్వడం కూడా నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం జరుగుతూనే ఉంది.

ఆ శుక్రవారం మాత్రం అత్తగారు గోడ దగ్గరికి వెళ్ళలేదు.

"ఇక నీకీ చాకిరీ తప్పుతుందిలే అమ్మాయ్. రేపట్నుంచి చిన్నపిల్లల బ్యాచ్ చిన్నాడు చూసుకుంటాడట. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నారు."

ఆమె చేతిలో బంతి చేతిలోనే ఉండిపోయింది. నీళ్ళు మోచేతి దాకా కారాయి.

భర్త టెన్నిస్ కోచ్. పోటీలకి వెళ్ళే పెద్దపిల్లలకి నేర్పుతాడు. నాలుగేళ్ళ క్రితం ఒకరోజు, వాళ్ళ వెంట వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కోర్టు మధ్యలో పరిగెడుతున్నారని విసుక్కుని, "వీళ్ళని కాస్త ఆ మూలకి తోలుకుపో. నీకెలాగూ పనేం లేదుగా," అన్నాడు. పనేం లేని ఆమె ఆ పొద్దున్నే ఇంటిల్లిపాదికీ వంట చేసి, పదకొండు చొక్కాలు ఇస్త్రీ చేసి వచ్చింది. సరేనని నలుగురు పిల్లల్ని మూలకి తీసుకెళ్ళింది. రెండు కుర్చీల మధ్య రిబ్బను కట్టి అదే నెట్ అంది. నేల మీద సుద్దముక్కతో ఎలుగుబంటిని గీసి, బంతి దాని బొజ్జ మీద పడాలంది. ఆ నలుగురూ ఇప్పుడు అరవై మంది అయ్యారు. చోటు కోసం ఇంకా కొందరు ఎదురుచూస్తున్నారు. కోర్టుకి కొత్త కంచె వచ్చినా, దీపాలు వచ్చినా ఆ మూల పిల్లల ఫీజుల నుంచే వచ్చాయి. అయినా ఇంట్లో దాని పేరు మాత్రం మారలేదు. 'పిల్లల్ని ఆడించడం'. ఎవరైనా చుట్టాలు ఆమెని మెచ్చుకుంటే భర్త నవ్వుతూ, "దీనికి బంతి ఎగరేసి సర్వీస్ చెయ్యడం కూడా రాదు తెలుసా!" అనేవాడు. అది నిజమే. అందుకే ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతే మళ్ళీ వచ్చింది.

"లాభాలొస్తున్నాయి కదా, ఇక ఓ పద్ధతిలో నడపాలి," అన్నాడు భర్త.

"నువ్వూ ఉండు వదినా," అన్నాడు మరిది, కూర వడ్డించమని కంచం ముందుకి జరుపుతూ. "ఎవరైనా ఏడిస్తే ఎత్తుకోవాలిగా. కానీ ముందు ఆ లేసుల తంతు ఆపాలి. గంట క్లాసులో ఇరవై నిమిషాలు బూట్ల లేసులు కట్టడానికే పోతోంది! నవ్విపోతారు ఎవరైనా."

దున్నేటప్పుడు కనబడని వాళ్ళు నూర్పిళ్ళకి వచ్చినట్టు అనుకుంది గానీ, పైకి అనలేదు. లేసుల గురించి చెప్పాలని మాత్రం నోటి దాకా వచ్చింది. పిల్లలు వరుసలో వచ్చి, ఒక్కొక్కరూ ఆమె మోకాలి మీద కాలు పెడతారు. ఆమె రెండు ముళ్ళు వేస్తుంది. ఆ రెండు ముళ్ళు పడేలోపు ఏదో ఒకటి చెప్పేస్తారు. నిన్న పన్ను ఊడిందని, అమ్మానాన్నా పోట్లాడుకున్నారని, పక్కవాడంటే భయమని. ఎవరికి ఏ బంతి ఇవ్వాలో, ఎవర్ని ఎవరి పక్కన నిలబెట్టాలో ఆమెకి అక్కడే తెలిసేది. అది క్లాసుకి ముందు జరిగేది కాదు, అదే క్లాసు. కానీ అది చెబితే వీళ్ళకి అర్థమవుతుందా? చెప్పడానికి తనకి మాటలున్నాయా? ఆలోచిస్తుండగానే, పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళుగా అలవాటైన మాట దానంతటదే బయటికొచ్చింది.

"మీ ఇష్టం."

శనివారం ఆమె కోర్టు కంచె బయట బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో మంచినీళ్ళ సీసాలు. లోపల మరిది సుద్ద బొమ్మల్ని నీళ్ళతో కడిగించాడు. రిబ్బను తీయించి పెద్ద నెట్ బిగించాడు. బుట్ట నిండా గట్టి పసుపు బంతులు తెచ్చాడు, కొత్తవి, మెరుస్తున్నాయి. వీడు బాగా చెబితే? పిల్లలకి ఇదే నచ్చితే? అప్పుడు ఈ నాలుగేళ్ళూ తను చేసిందేమిటి? వీడు ఓడిపోవాలని కోరుకుంటున్నానా అని సిగ్గేసింది. అయినా కోరుకుంది.

"అందరూ లైన్లో నిలబడండి! బంతి నెట్ దాటాలి!"

నెట్ చాలామందికి గడ్డం దాకా ఉంది. మొదటి బంతి ఒకడి భుజానికి తగిలింది. రెండోది ఎవరికీ తగల్లేదు, ఎందుకంటే అందరూ పక్కకి పారిపోయారు. ప్రశ్నల పిట్ట అని ఆమె పేరు పెట్టుకున్న ఐదేళ్ళ పిల్ల చెయ్యెత్తింది.

"సార్, ఎలుగుబంటి ఎక్కడికెళ్ళింది?"

"ఎలుగుబంటీ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆడు!"

"నా లేసు ఊడింది సార్."

"ఊడితే ఊడింది. తర్వాత!"

ప్రశ్నల పిట్ట ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత రాకెట్ నేల మీద పెట్టి, కంచె తలుపు తోసుకుని బయటికొచ్చి, ఆమె మోకాలి మీద కాలు పెట్టింది. "ముడి టీచర్, మా పిల్లి నిన్న ఇంటికి రాలేదు," అంది.

ఆమె ముడి వేసింది. తలెత్తేసరికి ఆ పిల్ల వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు. ఒకడి లేసులు గట్టిగానే ఉన్నాయి, వంగి వాడే విప్పుకుంటున్నాడు. కాసేపటికి కోర్టులో మరిదీ, బుట్టలో బంతులూ మిగిలాయి.

"ఈ కాలం పిల్లలకి క్రమశిక్షణ లేదు," అన్నాడతను లోపల్నుంచి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ప్రశ్నల పిట్ట అమ్మమ్మ పక్క వీధిలోని బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ బెంచీ చివర కూర్చుని ఇదంతా చూస్తోంది. "మా బడి ఆవరణ సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది, వచ్చి క్లాసు పెట్టుకోమ్మా అని నిన్నెప్పట్నుంచో అడుగుతున్నా. ప్రతిసారీ ఇంట్లో అడిగి చెప్తానంటావు. ఈసారేమంటావు?"

"సోమవారం నుంచి వస్తానండీ," అంది ఆమె, పదో పిల్లవాడి లేసు బిగిస్తూ.

ఆ మాట అనేశాక గానీ, ఇంట్లో అడగలేదన్న సంగతి ఆమెకి గుర్తురాలేదు. గుర్తొచ్చినా భయం వెయ్యలేదు. ఎన్నాళ్ళుగానో గుండెల మీదున్న బండని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఇంత తేలికా? ఇంతేనా ఇది?

ఆదివారం పొద్దున ఆమె పెరట్లో ఉండగా భర్త వచ్చాడు. కబురు అతనికి చేరినట్టుంది.

"నన్నొక్క మాట అడగాలి కదా!"

"అడిగితే ఏమనేవారు?"

"వద్దనేవాణ్ణి."

"అందుకేనండీ."

"నీకు సర్వీస్ చెయ్యడం కూడా రాదు," అన్నాడతను.

"రాదు," అంది ఆమె. ఆ ఒక్క మాట ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళూ ఎందుకంత నలిగిపోయిందో తనకే అర్థం కాక నవ్వొచ్చింది. "ఐదేళ్ళ పిల్లలకీ రాదు. మాకు బాగానే కుదురుతుంది."

వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఏదో ఒకటి అంటుందని ఆమె ఎదురుచూసింది. ఆవిడ కొడుకునీ కోడల్నీ మార్చి మార్చి చూసి, నెమ్మదిగా వచ్చి, తీగ మీద ఒక పక్కకి వాలిపోయిన బంతుల సంచిని సరిచేసింది.

"ఇటుపక్క ఎండ తగలట్లేదు," అంది, ఎవరి వంకా చూడకుండా.

భర్త తీగ పొడుగునా ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు.

"నా చొక్కాలేవి?"

"బకెట్లో ఉన్నాయి," అంది ఆమె. "సబ్బు పక్కనే పెట్టాను."