మూడో పల్టీ తరవాత

పొద్దున్నే తన కంప్యూటర్ల షాపు షట్టరు ఎత్తగానే ఆమె మొదట చేసే పని ఫ్యాను వెయ్యడం. తనకోసం కాదు, బల్ల మీద పడుకోబెట్టిన హార్డ్ డిస్కుల కోసం. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకి వేడి తగలకూడదు, కుదుపు తగలకూడదు, కంగారు పెట్టేవాళ్లు అసలే తగలకూడదు. "నిదానం, నిదానం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పీ చెప్పీ చివరికి వీధిలో ఆమె పేరే నిదానం అయి కూర్చుంది. కరెంటు బిల్లు ఇచ్చే మనిషి కూడా "నిదానంగారూ" అనే పిలుస్తాడు.

రెండో పని నేల ఖాళీ చెయ్యడం. ఫైలు పాత డిస్కులోంచి కొత్త డిస్కులోకి వెళ్లే దారిలో కాసేపు గదిలో ఉంటుంది కదా. ఎవరివో విహారయాత్ర ఫొటోలు కాపీ అవుతుంటే మోకాళ్లదాకా సముద్రం వస్తుంది. అందుకని తడిస్తే పాడయ్యేవన్నీ పై అరల్లో సర్దేస్తుంది. నీళ్లు కొత్త డిస్కులోకి వెళ్లిపోయినా, ఇసక మాత్రం కాస్త మిగిలిపోతుంది. దాన్ని ఊడవడం అత్తగారి వంతు. "ఈ సముద్రాలకి పోయేవాళ్లు కొండలకి పోవచ్చుగా" అని గొణుక్కుంటూ ఆవిడ చీపురు తీస్తుంది. పక్క షాపు టైలరుకి పుట్టినరోజు వీడియోలంటే పడదు. పిల్లల అరుపులకి కుట్టు తప్పుతోందని గోడ మీద కొడుతుంటాడు.

ఆ రోజు షట్టరు పూర్తిగా ఎత్తకముందే తల్లీకూతుళ్లు వచ్చి నిలబడ్డారు. కూతురి మోచేతికి కట్టు ఉంది, అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. తల్లికి యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, ఎవరితోనూ పని లేనట్టు గోడవైపు చూస్తూ నిలబడింది.

"సర్కసు వాళ్లం. ఊరి చివర మైదానంలో డేరా వేస్తున్నాం," అంటూ కూతురు తువ్వాలు విప్పి డిస్కు బయటికి తీసింది. "ఇందులో మా అమ్మ ఉయ్యాల మీంచి మూడు పల్టీలు కొట్టిన వీడియో ఉంది. అవతలి ఉయ్యాలకి తలకిందులుగా వేలాడి పట్టుకునేది మా నాన్న. అది నేను చూసి తీరాలి."

సంగతేమిటంటే, ఆ అమ్మాయికీ మూడు పల్టీలు వచ్చు. కానీ మూడోది తిరిగాక పట్టుకునే అతని చేతులు అందవు. ప్రతిసారీ వలలో పడుతోంది. మోచెయ్యి అలా బెణికిందే. ఏ క్షణాన ఎలా పట్టుకోవాలో తెలిసిన నాన్న జ్వరమొచ్చి పోయాడు. ఈ ఊళ్లో మూడు పల్టీలు చూపించకపోతే ఉయ్యాలల ఆటే ఎత్తేస్తానని యజమాని చెప్పేశాడు.

"అమ్మనే అడగొచ్చుగా," అంది అత్తగారు.

"నాకేం తెలుసండీ," అంది తల్లి గోడవైపు చూస్తూనే. "గాల్లో తిరిగేదాన్ని. చేతులు చాస్తే ఆయన ఉండేవాడు. అంతే."

ఆయన పోయాక ఆవిడ నిచ్చెన ఎక్కలేదు. టికెట్ల కిటికీలో కూర్చుంటోంది.

నిదానం డిస్కుని కంప్యూటరుకి తగిలించి చెవి ఆనించింది. టక్. టక్. టక్. లోపల ఏదో తలుపు కొడుతున్నట్టుంది. "ఇది ఎంతోసేపు ఉండేది కాదు," అంది. "మామూలుగా కాపీ కొడితే, రాని చోట గుద్దుకుని గుద్దుకుని చచ్చిపోతుంది. నా దగ్గరున్న ప్రోగ్రాం అలా కాదు. మొండికేసిన చోటుని వదిలేసి, వచ్చినదంతా ముందు తెచ్చేసుకుంటుంది. ఆఖర్న వెనక్కొచ్చి ఆ మొండిచోట్లని బతిమాలుతుంది. అది పని చేస్తున్నంతసేపూ ఎవరూ బల్లకి తగలకండి."

మీట నొక్కింది. తెర మీద చిన్న చిన్న గళ్లు ఒక్కొక్కటే పచ్చబడసాగాయి.

మొదట రంపపు పొట్టు వాసన వచ్చింది. తరవాత డప్పులు. టైలరు గోడ మీద కొట్టాడు. జోకరొకడు ఒంటిచక్రం సైకిలు మీద బల్ల చుట్టూ తిరిగి, అత్తగారికి దణ్ణం పెట్టి కొత్త డిస్కులోకి వెళ్లిపోయాడు. గది కప్పు కావలసినంత పైకి జరిగింది. తాడు నిచ్చెన దిగింది, రెండు ఉయ్యాలలు దిగాయి. ఒకదాని మీద నిండా ఇరవై ఐదేళ్లు లేని పిల్ల, మెరుపుల బట్టల్లో, నవ్వుతూ.

"అమ్మా, నువ్వే," అంది కూతురు. తల్లి మొదటిసారి గోడవైపు నుంచి తల తిప్పింది.

ఆ పిల్ల ఊగింది. వదిలింది. ఒక పల్టీ, రెండు, మూడు. చేతులు చాచింది. అక్కడే, గాల్లో ఆగిపోయింది. అవతలి ఉయ్యాల మీద ఎవరూ లేరు. తెర మీద అక్కడ మాత్రం నాలుగు గళ్లు ఎర్రగా ఉండిపోయాయి.

"వెనక నుంచి చదివిస్తాను, ఒక్కోసారి వస్తుంది," అంది నిదానం. ఈసారి ముందు చప్పట్లు వచ్చాయి, తరవాత పిల్ల వెనక్కి వెనక్కి తేలుతూ వచ్చింది, ఎవరి చేతుల్నో పట్టుకున్నట్టే ఉంది, ఆ చేతులు మాత్రం లేవు. సరిగ్గా అదే చోటికొచ్చి మళ్లీ ఆగిపోయింది. పట్టుకోకముందుది వచ్చింది, పట్టుకున్నాక జరిగినదీ వచ్చింది. పట్టుకున్న క్షణమే రావడంలేదు. ఆయన ఆ ఎర్రగళ్లలోనే ఉన్నాడు.

డిస్కు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నిదానం వాళ్లవైపు తిరిగింది. "ఇంకొక్కసారి తిరుగుతుందేమో, ఆ తరవాత లేదు. ఆపమంటే ఆపేస్తాను, వచ్చినంత వరకూ భద్రంగా ఉంటుంది. మళ్లీ ప్రయత్నించమంటే మాత్రం నేనేం మాటివ్వలేను."

తల్లి గాల్లో ఆగిన ఆ పిల్ల మొహంలోకి చూస్తోంది.

"చూడండి ఎలా నవ్వుతోందో," అంది. "అవతల ఎవరూ లేరని దానికి తెలీదు."

చున్నీ తీసి కూతురి చేతిలో పెట్టింది. తాడు నిచ్చెన పట్టుకుంది.

"అమ్మా, వల రాలేదింకా," అంది కూతురు.

"దుప్పటి తేనా," అని అత్తగారు అప్పటికే లోపలికి పరిగెత్తింది. కంప్యూటర్ల మీద కప్పే పెద్ద దుప్పటిని తనో పక్కా ఆ అమ్మాయో పక్కా పట్టుకుని నిలబడ్డారు. అదేమాత్రం ఆపగలదో ఎవరికీ తెలీదు. పైన తల్లి ఖాళీ ఉయ్యాల మీద కూర్చుని, మోకాళ్లు మడిచి బిగించి, తలకిందులుగా వాలింది. ఆవిడ జుట్టు ముడి ఊడి కిందికి వేలాడింది.

"తిప్పండి," అంది పైనుంచి.

అందరికీ నిదానం చెప్పే మనిషి, మీట ఎప్పుడు నొక్కిందో తనకే తెలీదు.

పిల్ల ఊగింది. ఇవతల తల్లీ ఊగింది. ఒకటి. రెండు. డిస్కు మూలిగింది. మూడో పల్టీ తిరుగుతున్నా తల్లి చేతులు చాచలేదు, గుండెల దగ్గరే పెట్టుకుంది. పిల్ల విప్పుకుని చేతులు చాచింది. అప్పుడు చాచింది తల్లి.

మణికట్లు మణికట్లని అందుకున్నాయి. బరువంతా ఒక్కసారి పడి ఉయ్యాల కిర్రుమంది. ముసలితనం అంచున ఉన్న మొహమూ, పడుచుమొహమూ ఎదురెదురుగా, ఒకటి తలకిందులుగా, డేరా ఆ చివరిదాకా ఊగి వెనక్కొచ్చాయి. పిల్ల ఏదో అంది. చప్పట్లలో కింద ఎవరికీ వినపడలేదు. గోడవతల టైలరు కూడా ఎందుకో కొట్టడం మానేశాడు.

నాలుగు గళ్లూ పచ్చబడ్డాయి. డిస్కు సన్నగా ఈల వేసినట్టు మోగి, ఇక మాట్లాడలేదు. డేరా నెమ్మదిగా చిన్నదవుతూ కొత్త డిస్కులోకి సర్దుకుంది. కప్పు కిందికి దిగుతుంటే దాంతోపాటు తల్లీ దిగి, బల్ల మీద కాళ్లు మోపింది. ఆవిడ మణికట్ల మీద వేళ్ల గుర్తులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

నిదానం కొత్త డిస్కులోంచి వీడియో పెట్టింది. అందులో పట్టుకున్నది నాన్నే. కూతురు కళ్లు తుడుచుకుంటూ అదే చోటు మళ్లీ మళ్లీ చూసింది. తల్లి మాత్రం తెరవైపు తిరగలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని మెల్లగా రుద్దుకుంటోంది.

"మీ నాన్న ఎదురొచ్చేవాడు కాదే," అంది చివరికి. "నేను చేతులు చాచేదాకా ఆగేవాడు. ఆయనకెంత భయం వేసేదో, అయినా ఆగేవాడు. ఇన్నేళ్లూ నేనే వెళ్లి అందుకుంటున్నాననుకున్నాను."

"ఇప్పుడు పట్టుకునే అతనికి చెబుదాం అమ్మా, అలా ఆగమని."

"చెబితే వచ్చేది కాదు. రేపటి ప్రాక్టీసుకి నేను వేలాడతాను. నువ్వు రా."

మొదటి ఆట నాడు టికెట్ల కిటికీలో ఇంకెవరో కూర్చున్నారు. నిదానం, అత్తగారు, టైలరు ముందు వరసలో కుర్చీలు పట్టుకున్నారు. డప్పులు ఆగాయి. కూతురు ఉయ్యాల వదిలింది. అత్తగారు కోడలి చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. "నిదానం," అని ఎవరో అంటే, అది తన గొంతేనని నిదానానికి తరవాత తెలిసింది. మూడో పల్టీ తిరిగింది. అవతల తల్లి చేతులింకా గుండెల దగ్గరే ఉన్నాయి.

అమ్మాయి చేతులు చాచింది.

చప్పట్లు మొదలవడానికి ముందు, డేరా చివరి వరసదాకా వినపడింది, చర్మానికి చర్మం అందిన చప్పుడు.