కెరేల దీవిలో లాతులిప్

ఆ దీవిలో ఇంటిపేరు అడిగేవాడు వెర్రివాడి కిందే లెక్క. అందరూ కెరేలే. చర్చిలో పక్కపక్కన మోకరిల్లేవాళ్ళూ కెరేలే, బయటికొచ్చి జుట్లు పట్టుకునేవాళ్ళూ కెరేలే. అందుకే మనిషిని తాత పేరూ తండ్రి పేరూ తగిలించి పిలిచేవారు. ఒబెలిన్‌ని "బాప్టిస్ట్ ఒనెజీమ్ ఒబెలిన్" అనేవారు. ఆ పిలుపు వింటే చాలు, ఆమెకు ఊపిరాడేది కాదు. ఇరవై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదంటే పిల్లకేం తక్కువై కాదు. ఎవణ్ణి చూసినా చుట్టమే, ఏం చేస్తుంది పాపం!

అలాంటి చోటికి కలప పడవ మీద ఆల్సీద్ లాతులిప్ వచ్చాడు. దీవి చుట్టూ నది గడ్డకట్టేసరికి ఇక్కడే చిక్కుకుపోయాడు. నా అన్నవాళ్ళు లేరు, మంచి పనివాడు.

"మంచు కరగనీ, పెళ్ళి చేసుకుని మాంట్రియల్ పోదాం. అక్కడ చెప్పుల ఫ్యాక్టరీలో పనుంది" అన్నాడు ఒబెలిన్‌తో.

ఎదురొచ్చినవాడెవడూ మీ నాన్న ఎలా ఉన్నాడని అడగని వీధి! ఒబెలిన్ అప్పుడే మనసులో మూట కట్టేసుకుంది.

నిశ్చితార్థం రోజు మధ్యాహ్నం భోజనానికి దీవి ఆ చివర నుంచి ఒబెలిన్ తాత చెల్లెలు ఫిలొమెన్‌ని మంచు మీద జారే స్లెడ్జి బండిలో తీసుకొచ్చారు. బఠాణీల సూపు రెండు చెంచాలు తాగిందో లేదో, ముసలావిడ మొదలెట్టింది.

"ఏరా అబ్బాయ్, ఎవరి పిల్లాడివి?"

"నాకెవరూ లేరండీ."

"ఎవరూ లేకుండా ఆకాశంలోంచి ఊడిపడ్డావా? మీవాళ్ళ పేర్లు చెప్పు."

"నాన్న ఫెర్డినాండ్. తాత మాగ్ల్వార్. ముత్తాత అబ్రహాం."

"అబ్రహామా! ఓరి నీ ఇల్లు బంగారంగానూ, మా బాబాయిరా ఆయన!" ముసలావిడ ఏడుపు లంకించుకుంది. "మా తాత రాజుగారి సైన్యంలో సిపాయి. అక్కడ సిపాయిలకి ఇంటిపేరు పక్కన ఇంకో పేరు తగిలించేవారు. ఆయన కెరే అలియాస్ లాతులిప్. పొలం దగ్గర మా నాన్నతో తగువుపడి, బాబాయి మంచు మీద నడిచి అవతలి ఒడ్డుకి పోయాడు. కెరే అన్న ముక్క ఇక్కడే పారేసి, లాతులిప్ అన్నదే పట్టుకెళ్ళాడు."

ఒబెలిన్ తండ్రి ఒనెజీమ్ లేచి ఆల్సీద్‌ని కౌగిలించుకున్నాడు. "మావాడివేరా! కొండవార మీ ముత్తాత వాటా ఇంకా బీడుగా పడి ఉంది. దున్నుకో. ఇల్లు మేం లేపుతాం." అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. ఒబెలిన్ ఒక్కతే చెంచా కింద పెట్టి లేచింది.

ఆల్సీద్‌ని కట్టెల కొట్టంలోకి లాక్కెళ్ళింది. "మరి మాంట్రియల్?"

"ఇంకా మాంట్రియల్ ఎందుకే? ఇన్నాళ్ళూ ఎవడికీ పట్టనివాడిలా బతికాను. ఈ రోజు నన్ను పేరు పెట్టి పిలిచే బాబాయిలు ఎంతమందో చూశావా? పెళ్ళప్పుడు చర్చిలో నా ఇంటిపేరు కెరే అనే చెప్పమంటాను." వాడి కళ్ళనిండా నీళ్ళు. అంత సంతోషంగా ఉన్నవాణ్ణి తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఈ పెళ్ళి వద్దందామా? అంటే ఆ తర్వాత ఎవరు? పక్కింటి కెరే, లేకపోతే ఎదురింటి కెరే. వీడైతే కనీసం ఇష్టపడ్డవాడు. రాత్రంతా అటూ ఇటూ దొర్లి తెల్లవారేసరికి వీణ్ణే చేసుకుందామన్న చోటికే వచ్చింది.

పొద్దున్నే అందరూ కలిసి ఫాదర్ దగ్గరికి వెళ్ళారు. ఆయన వేళ్ళు మడిచి తరాలు లెక్కపెట్టాడు.

"నాలుగు తరాల లోపు చుట్టరికం. బిషప్పుగారి అనుమతి లేనిదే పెళ్ళి చెయ్యను. ఇస్తారులే, కానీ కారణం అడుగుతారు. బయటివాణ్ణి ఎందుకు చేసుకోవో నువ్వే చెప్పాలమ్మా."

గదిలో ఉన్న కెరేలందరూ ఆమె వైపు చూశారు. ఆల్సీద్ వాళ్ళ మధ్యలోనే నిలబడి ఉన్నాడు.

"ఈ దీవిలో నాకు చుట్టం కాని మగాడు ఒక్కడూ లేడని రాయండి ఫాదర్," అంది ఒబెలిన్. "నిన్న మధ్యాహ్నం దాకా ఒకడుండేవాడు."