మడమల దగ్గరికి చేరిన క్రీము సీసా

నేను ఒక క్రీము సీసాను. పాలరంగు గాజు, గులాబీరంగు మూత, అరచేతిలో ఇమిడేంత ఒళ్ళు. ఎక్కడో కొలిమిలో కరిగి, అచ్చులో చల్లారి, కడుపునిండా గులాబీ వాసనతో దుకాణంలోకి వచ్చాను. నా మీద అంటించిన కాగితంలో ఒక అమ్మాయి బుగ్గ మీద వేలు ఆనించి నవ్వుతుండేది. ఆ బొమ్మను చూసుకుని నేను పుట్టింది అందమైన ముఖాల కోసమేనని నమ్మాను.

నన్ను కొన్నది బ్యూలా. రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో పాస్టరుగా ఉన్న దేవసహాయం గారి ఒక్కగానొక్క కూతురు. టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది క్రిస్మస్‌కి తల్లి కోసం నన్ను తెచ్చింది. తల్లి కృపావతమ్మ గారు మూత తీసి, వాసన చూసి, "ఇంత మంచిది నాకెందుకే!" అంటూ మళ్ళీ కూతురి చేతిలోనే పెట్టారు. బ్యూలా పెళ్ళినాటికి నేను ఖాళీ అయ్యాను. ఆమె గుంటూరు అత్తవారింటికి వెళ్ళింది. కృపావతమ్మ గారు నన్ను కడిగి, పిన్నీసులు వేసుకుని వంటింటి కిటికీలో పెట్టుకున్నారు.

అక్కడి నుంచే చాలా డిసెంబర్లు చూశాను. పండగ నెల వస్తే ఆ ఇంటికి తలుపు ఉండదు. పాటలు పాడుతూ వీధులు తిరిగే గుంపులకు టీలు, పలకరించడానికి వచ్చేవాళ్ళకు అరిసెలు, చర్చి కడగడాలు, తెరలు ఉతకడాలు. అన్నీ అమ్మగారి చేతి మీదుగానే జరగాలి. పొద్దస్తమానం సబ్బునీళ్ళలో, తడి గచ్చు మీద, చెప్పుల్లేకుండా తిరిగేవారు. వణుకు తగ్గాలని కాగే నీళ్ళు పోసుకునేవారు. చర్మం తెల్లగా పొట్టు లేచేది. మడమలు బీటలు వారేవి. ఆమెకు షుగరు కూడా ఉంది.

"కాళ్ళకేమైనా రాసుకోండి అమ్మగారూ" అని ఎవరైనా అంటే, "పండగ వెళ్ళనీ, అప్పుడు చూసుకుందాం" అని నవ్వేవారు. మనుషులు పండగకని గోడలకు సున్నం వేస్తారు, గుమ్మాలకు రంగు వేస్తారు. సొంత ఒంటిని మాత్రం పండగ వెళ్ళాక రమ్మంటారు.

ఒక ఏడు బ్యూలా సెలవు పెట్టి ముందే వచ్చింది. ముందుగదిలో కొత్త చాప పరిచి లోపలికి వెళ్ళి వచ్చేసరికి, చాప మీద వరసగా ఎర్రటి మరకలు. వాటి వెంబడే నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఎవరికో కాలు తెగింది. చాపంతా రక్తం."

"అయ్యో, ఎవరికే?" అంటూ అమ్మగారు గరిటె పక్కన పెట్టి గుమ్మం వైపు నడిచారు. నడిచినచోటల్లా మరో మరక పడింది. బ్యూలా కింద కూర్చుని తల్లి పాదం పైకెత్తింది. మడమ పగులు లోపలికంటా చీలి, చుట్టూ వాచి, చీము పట్టి ఉంది. షుగరుతో మొద్దుబారిన పాదం; ఆమెకు నొప్పే తెలియలేదు.

"చలికాలం ఎవరి కాళ్ళు పగలవే?" అన్నారు గాని, ఆ గొంతులో భయం నాకు వినపడింది.

ఆసుపత్రిలో ఏం జరిగిందో నేను చూడలేదు. ఇంకాస్త ఆలస్యమైతే కాలు దక్కేది కాదన్నారట. ఆ క్రిస్మస్ ఆరాధన ఆమె మంచం మీద పడుకుని, పక్కనే ఉన్న చర్చి మైకులో విన్నారు.

కట్టు మార్చడానికి నర్సు విమల ఇంటికి వచ్చేది. పుండు మానాక, ఇక ముందు ఎలా కాపాడుకోవాలో ఆమె నెమ్మదిగా చెప్పింది. వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చనివే. ఘాటు సబ్బు వద్దు. మెత్తటి గుడ్డతో అద్ది, ఆ కాస్త తడి ఆరిపోకముందే వాసనలేని క్రీము రాయాలి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి.

"రోజూ అరికాళ్ళు చూడాలి. ఆమెకు వంగడం కష్టం, నొప్పీ తెలవదు. ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి అయ్యగారూ" అంది.

దేవసహాయం గారు ఆ జాగ్రత్తలన్నీ మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. సంఘంలో ఎవరికి ఏ జబ్బో పేరుపేరునా అడిగి తెలుసుకునే మనిషి ఆయన.

బ్యూలా ఆసుపత్రి క్రీము పెద్ద డబ్బా తెచ్చింది. దాని మూత అమ్మగారికి తిరగదు. అందుకని నాలోని పిన్నీసులు గిన్నెలోకి ఒంపి, నన్ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, ఆ తెల్లటి క్రీము నింపింది. సాయంత్రం దేవసహాయం గారు ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి మంచం ముందు కింద కూర్చున్నారు.

అమ్మగారు పాదాలు వెనక్కి లాక్కున్నారు. "అయ్యో, మీరా! సంఘంవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"ఏటేటా ప్రభువు శిష్యుల పాదాలు కడగటం గురించి వాక్యం చెప్పా కృపా. నీ పాదం ఎట్టా ఉందో ఒక్కనాడూ చూడలా. ఇటు చాపు."

ఆమె ఏడుస్తూనే చాపారు. ఆయన వేలు నాలో మునిగింది. నేను ముఖాల కోసం పుట్టాననుకున్నాను. నా బతుకు మడమల దగ్గర దొరికింది. ఆ వేలికీ, ఆ మడమకూ నేను రుణపడ్డాను.

అప్పటి నుంచి ఒక్క రోజూ తప్పలేదు. మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చున్న అమ్మగారి పాదం ఆయన ఒళ్ళో ఉండగా గేటు దగ్గర పాటలవాళ్ళ డోలక్కు వినపడింది.

"లేవండి అయ్యగారూ, వచ్చేస్తన్నారు!" అని అమ్మగారు కంగారుపడ్డారు.

"రానీ. తడి ఆరకముందే రాయాలి."

వాళ్ళు లోపలికి వచ్చి, చూసి, పాట ఆపేశారు. అప్పుడు, రేవులో చేపలు శుభ్రం చేసే మార్తమ్మ ముందుకు వచ్చి, చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుంది. ఉప్పునీళ్ళకు నాని నాని పగిలిన పాదాలు.

"అమ్మగారూ, నాక్కూడా కాసింత పెడతారా? నడవలేకపోతన్నా."

"రా మార్తమ్మా, ఇట్టా కూర్చో" అంటూ కృపావతమ్మ గారు తన కుర్చీ ఆమెకిచ్చి, ముక్కాలిపీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. దేవసహాయం గారు బేసిన్ తీసుకుని నీళ్ళు మార్చడానికి వంటింట్లోకి వెళ్ళారు. "మీరెందుకు ఆపారు? పాడండయ్యా!" అని అక్కడి నుంచే కేకేశారు.

పాట మళ్ళీ మొదలైంది. అమ్మగారి వేళ్ళు నా అడుగు దాకా వచ్చి, అంచుల్లో మిగిలినది కూడా గీసి తీసుకున్నాయి. ఖాళీ అవుతున్నందుకు ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.