అద్దాల గదిలో రేకు చప్పుడు

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. వెంకటి ఆడిన అబద్ధం ఇరవై ఏళ్లకు పైగా ఊడకుండా అతుక్కునే ఉంది. అది అతను పెళ్లాం కనకవ్వకు చెప్పిన అబద్ధం, అదీ ఒక్కసారే. ఆ ఒక్కటీ ఇప్పుడు, సామాన్ కట్టుకుని బహ్రెయిన్‌ను పూర్తిగా విడిచి ఇంటికి పోయే వారంలో, మెడకు చుట్టుకుంది.

అప్పట్లో అతను కొత్తగా వచ్చి నయీమ్ పేటలో ఒక పాత ఇంటి గదిలో నలుగురితో పాటు ఉండేవాడు. సందు మొదట్లో గోడకు బిగించిన ఫోను ఒకటి ఉండేది. కార్డు పెట్టి మాట్లాడాలి. శుక్రవారం వస్తే దాని ముందు పెద్ద వరస, నెత్తి మీద ఎండ, పక్కన రేకు పెట్టెలు చేసే కొట్టు. అటు ఊళ్లో భూలక్ష్మి దుకాణంలో ఎస్టీడీ ఫోను. వెంకటి ఒకసారి చేసి కనకవ్వను పిలవమని పెట్టేస్తే, భూలక్ష్మి గడపలో నిలబడి వాడకట్టంతా వినబడేలా ఒక కేక వేసేది. అతను మళ్లీ చేసేలోపు కనకవ్వ బీడీల చాట పక్కన పెట్టి ఉరికొచ్చేది. మాట సముద్రం దాటడానికి కాస్త సమయం పట్టేది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, నువ్వు చెప్పంటే నువ్వు చెప్పు అనుకునేవారు. ఫోను ఎవరూ ముందు పెట్టేవారు కాదు, కార్డే అయిపోయి లైను కోసేది.

ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, మొహాలు కూడా చూసుకోవచ్చు. అయినా అప్పటి మాటల రుచి ఇప్పటివాటికి లేదని వెంకటి గట్టి నమ్మకం. ఆకలి మీద తాగిన జొన్న గట్క రుచి పెళ్లి భోజనానికి వస్తుందా?

మొట్టమొదటి ఫోనులోనే కనకవ్వ అడిగింది, ఎండలో నిలబడి మాట్లాడుతున్నవా అని. అడుగుతూనే ఏడుపు మొదలుపెట్టింది. వెంకటికి ఏం తోచక, “ఎండేంది, అద్దాల గదిలున్న. ఏసీ ఉన్నది. కూసుందామంటే కుర్చీ గూడ ఉన్నది” అన్నాడు. కుర్చీ ఆమె అడక్కుండానే అతను కల్పించి వేసుకున్నది. అంటున్నంతసేపూ చెమట మోచేతి మీదుగా కారుతూనే ఉంది. ఆ మాట కనకవ్వ బీడీలు చుట్టే ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు ఆమె మొగుడికి అద్దాల గది దొర అని పేరు పెట్టారు.

ఇంటికి వచ్చేస్తున్నానని చెప్పినప్పుడు ఏం తెమ్మంటావని అడిగాడు. ఆమె బంగారం అడగలేదు, దుప్పట్లు అడగలేదు. వచ్చే ముందు ఆ అద్దాల గదిని ఒక్కసారి చూపించమంది. ఊళ్లోవాళ్లకు గల్ఫంతా దుబాయే; ఆ దుబాయిలో మొగుడు ఎక్కడ నిలబడి తనతో మాట్లాడాడో కళ్లతో చూడాలట.

మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది, ఎందుకంటే వెంకటి దాస్తున్నది ఇంకొకటుంది. అస్కర్ అనే ఊరి దగ్గర కాంట్రాక్టరు కింద ఏళ్ల తరబడి కాంక్రీటు పగలగొట్టే మిషను పట్టి పట్టి అతని కుడిచేతికి వణుకు పట్టుకుంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం నేలపాలే. కంపెనీ వాళ్లు ఇక చాలు పొమ్మన్నారు. ఇంట్లో మాత్రం తానే చాలనుకున్నట్టు చెప్పాడు. క్యాంపు నుంచి వీడియో చేసినప్పుడల్లా ఫోనును నీళ్ల బాటిలుకు ఆనించి పెట్టేవాడు. ఇప్పుడు చేత్తో పట్టుకుని తిరుగుతూ చూపిస్తే వణుకు బయటపడుతుంది. చూపించకపోతే అబద్ధం బయటపడుతుంది.

ఆదుకున్నవాడు కుతుబుద్దీన్. బోధన్ మనిషి, డ్రైవరు. సెలవు రోజుల్లో మనవాళ్ల పుట్టినరోజులకు వీడియోలు తీస్తాడు. అతని దగ్గర అరచేతిలో ఇమిడే కెమెరా ఒకటుంది. కింద చెయ్యి ఎంత ఊగినా దాని తల ఊగదు, నెత్తిన బిందె పెట్టుకుని నడిచే ఆడమనిషి తలలాగ. వెంకటి దాన్ని కుడిచేత్తో పట్టి చూశాడు. చెయ్యి వణికింది, బొమ్మ వణకలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

గది సంగతి కూడా కుతుబుద్దీనే చూశాడు. సముద్రం ఒడ్డున కొత్తగా లేచిన పెద్ద భవనం ముందర అద్దాల వాచ్‌మన్ గది ఉంది, వాచ్‌మన్ తెలిసినవాడు. శుక్రవారం పొద్దున ఇద్దరూ అక్కడికి వెళ్లారు. కెమెరాలో బొమ్మ కుతుబుద్దీన్ ఫోనులోకి, అందులోంచి ఊళ్లో వెంకటి బిడ్డ మల్లిక ఫోనులోకి పోవాలి. మాటలకు వెంకటి ఫోను వేరే ఉంది; కెమెరా కుతుబన్నదని కనకవ్వకు ముందే చెప్పాడు. తీరా మొదలుపెడితే కెమెరాకూ ఫోనుకూ మధ్య బొమ్మ రెండుసార్లు తెగింది. కుతుబుద్దీన్ జేబులోంచి జానెడు తీగ తీసి ఆ రెంటినీ కలిపాడు.

“గాలిల పోయేదానికి గ్యారంటీ లేదు వెంకటన్నా. తీగ పెట్టినమా, ఖలాస్.”

వెంకటికి ఆ తీగ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. తన సంసారం నడిచిందంతా తీగ మీదే కదా.

కుతుబుద్దీన్ తీగ కట్టిన ఫోను పట్టుకుని పక్కనే నడిచాడు. వెంకటి గదంతా నెమ్మదిగా చూపించాడు. ఏసీ చూపించాడు, కుర్చీ చూపించాడు. ఇదేనే అద్దాల గది అన్నాడు. బొమ్మ మాట కంటే కాస్త ఆలస్యంగా చేరుతోంది, వెనకటి ఫోనులాగే. అతను ఆగాడు.

“మంచిగుంది” అంది కనకవ్వ. మళ్లీ కాసేపటికి, “గని ఇది గాదు” అంది.

కాదేంది, ఇదే అన్నాడు వెంకటి. గొంతు అతనికే నచ్చలేదు.

“నువ్వు మాట్లాడుతుంటే ఎనుక ఎవరో రేకు కొడుతుండె. వరసల మనుషులు తిట్టుకుంటుండ్రి, జల్ది కానియ్యమని. ఏసీ గదిల రేకెవలు కొడతరు మల్లిక నాయినా?”

వెంకటి ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. ఆమెకు మొదటిరోజు నుంచీ తెలుసన్నమాట. మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదన్నాడు.

“నేను ఏడవద్దని నువ్వు చెప్పినవ్. నమ్మితే నీకు నిమ్మలమైతదని నేను నమ్మిన. ఇగ వస్తనే ఉన్నవు గదా. ఆ రేకు కొట్టే జాగ సూపియ్యి.”

వెంకటి సిగ్గుపడుతూనే నవ్వి, కెమెరా తీగ పీకాడు. కుతుబుద్దీన్ ఏమీ అడక్కుండా కారు నయీమ్‌కు తిప్పాడు.

సందు అక్కడే ఉంది. ఫోను లేదు, గోడకు బోల్టుల బొక్కలు మిగిలాయి. రేకుల కొట్టు ఎప్పుడో మూతపడి షట్టరు తుప్పు పట్టింది. కుతుబుద్దీన్ తీగ మళ్లీ కలిపి ఇస్తే, వెంకటి కెమెరాను ఎడమచేత్తో పట్టుకుని గోడ చూపించాడు, వరస నిలబడ్డ చోటు చూపించాడు, ఎండ చూపించాడు. మాట్లాడే ఫోను స్పీకరు పెట్టి కుతుబుద్దీన్ చేతిలో ఉంది. అటువైపు కనకవ్వ ముక్కు చీదుకోవడం వినబడింది. ఇంత చిన్న సందా అంది. తర్వాత అడిగింది, సప్పుడేదని.

కొట్టేవాడు లేడని చెప్పబోయి, వెంకటి కుడిచేతి వేళ్లు ముడిచి షట్టరు మీద ఒక్కటి వేశాడు. రేకు ఖంగుమంది. తీయబోయిన చెయ్యి ఇంకా షట్టరుకు తగులుతూనే ఉంది. టకటకమని సన్నటి చప్పుడు.

“ఇదే” అంది కనకవ్వ. “మల్లొక్కసారి కొట్టు.”

కొట్టాడు.

“ఒక్క దెబ్బకు ఇన్ని సప్పుళ్లెందుకొస్తున్నయి?”

వెంకటి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కుతుబుద్దీన్ తల తిప్పేసుకున్నాడు.

“నీ చెయ్యి వణుకుతున్నది” అంది ఆమె. “ఆ చెయ్యి సూపియ్యి.”

ఇరవై ఏళ్ల అబద్ధం పోయాక ఈ చిన్నదాన్ని పట్టుకుని వేలాడటం దేనికి? వెంకటి కెమెరాను కుడిచేతి మీదికి తిప్పాడు. సందు కదలలేదు, గోడ కదలలేదు. మధ్యలో చెయ్యి ఒక్కటే వణుకుతోంది. బొమ్మ ఇంకా ఆమెకు చేరలేదు. ఆ కాస్త సమయం అతను కార్డు అయిపోయే ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు.

“కుతుబన్న మిషిను కుతుబన్నకిచ్చెయ్యి” అంది కనకవ్వ చివరికి. “ఇంటికి రా. వణికితే నేను పట్టుకుంట.”

వెంకటి తీగ తీసి కెమెరా ఇచ్చేశాడు, తన ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. పెట్టెయ్యి అన్నాడు. నువ్వే పెట్టు అందామె. ఎవరూ పెట్టలేదు. ఇప్పుడు అయిపోవడానికి కార్డు కూడా లేదు.