ముప్పై ఆరో గడి

పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేయడం, ఆ తర్వాత మిద్దె ఎక్కి అదే ముగ్గును తుడవడం. ఏడాదిగా నాగరత్నమ్మకు ఇదే వరస. మంగంపేట చుట్టూ ముగ్గురాయిని పొడి చేసే మిల్లులు. తెల్లారేసరికి సోలార్ ప్లేటు మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ప్లేటులో ముప్పై ఆరు నల్లటి గడులు. ఏ గడి మీద కాకి రెట్ట వేస్తుందో కూడా ఆమెకు తెలుసు.

రెండువేల ఏడులో కొన్నారు. ప్లేటు, బ్యాటరీ, రెండు లైట్లు కలిపి పదహారు వేలు. కరెంటు పోయినా అంగడి మూయక్కర్లేదని ఆమె మొగుడు వేణుగోపాల్ తెచ్చాడు. ఒక లైటు అంగట్లో, ఒకటి వరండాలో. వంటింట్లో ఒకటి పెట్టించమని అడిగితే, "ముప్పై ఏడు వాట్ల ప్లేటే అది. మీ నాయన కట్టించిన కరెంటాఫీసు అనుకుంటివా?" అన్నాడు. అత్త లక్ష్మీదేవమ్మ, "పొయ్యిలో మంట ఉండాది గదమ్మా, ఆ ఎలుగు చాలదా?" అంది. ఆ వెలుగులోనే ఒకనాడు పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. కంచం వాకిట్లో పడింది. తుడుస్తున్నప్పుడు ఇవన్నీ గుర్తొస్తాయి. కోపమేమీ రాదు. గడుల్లాగా ఒకదాని పక్కన ఒకటి, అంతే.

ఆ రోజు ప్లేటు అమ్మిన కిరణ్‌కుమార్ వచ్చి మీటరు పెట్టి చూశాడు.

"వేణన్నా, ఈ వీధిలో అందరివీ సగమే ఇస్తాండాయి. నీది నిండుగా ఇస్తాండాది! పెట్టుబడి తిరిగొచ్చేదానికి వాళ్ళకు ఎనిమిదేండ్లు, నీకు నాలుగే. ఎవురు తుడుస్తాండారు?"

"ఎవురూ లేరప్పా. మా ఇంట్లోది తుడుస్తాది."

నాగరత్నమ్మ కాఫీ అందిస్తూ అడిగింది.

"ఆ ఎక్కువొచ్చే సగంతో వంటింట్లో ఒక లైటు ఎలుగుతాదా అబ్బోడా?"

"బాగా ఎలుగుతాది వదినా. ఇట్లనే తుడుస్తా ఉండు. గడులన్నీ గొలుసు మాదిరి. ఒక్కటి మూసుకుపోయినా చాలు, మిగతావన్నీ పడకేస్తాయి."

వేణుగోపాల్ పగలబడి నవ్వాడు. "గుడ్డ తిప్పేదానికి గూడా వాటా అడుగుతాండాది సూడప్పా! ఖాళీగా ఉండేది, ఇంకేం పని? ఆ లైటేదో అంగడి ఎనకాల గోడౌనులో బిగించిపో."

కిరణ్‌కుమార్ తల వంచుకుని బిగించిపోయాడు.

మర్నాడు పొద్దున నాగరత్నమ్మ వాకిట్లో ముగ్గు వేసింది. గిన్నెలో కాస్త పిండి మిగుల్చుకుని, నీళ్ళు కలిపి, మిద్దె ఎక్కింది. ముప్పై అయిదు గడులను ఎప్పటికంటే శుభ్రంగా తుడిచింది.

ముప్పై ఆరో గడి మీద, సందు లేకుండా, ముగ్గు పూసింది.