వెనక సీట్లో మిరపబస్తా

బండి ఎంత గొప్పదైతే ఏంటి, తోలేవాడు మొద్దయితే ఏం లాభమని పర్చూరులో దొరికినవాడికల్లా పాఠం చెప్పేవాడు జక్రయ్య. చెప్పే అర్హత ఉందా అంటే, ఉంది. వాన పడ్డ నల్లరేగడి దారిలో, మిరపబస్తా కట్టుకుని, ఇరవయ్యేళ్ల నాటి డొక్కు మోటారుసైకిలు మీద కల్లం చేరేవాడు ఆ చుట్టుపక్కల అతనొక్కడే. ఆ బరువుకి ఎంత అలవాటు పడ్డాడంటే, వెనక బస్తా లేకపోతే బండి అతని మాట వినదు. చర్చికెళ్లినా సరే, మిరపకాయలు బండి మీద, పెళ్లాం రెబ్కా ఆటోలో.

పదిహేనేళ్ల క్రితం ఒకసారి ఆమెని కాలవలో పడేశాడు లెండి. అప్పట్నుంచీ ఆ సీటెక్కనని ఒట్టేసుకుంది. ఆమె మళ్లీ ఎక్కాలన్నదే జక్రయ్య కోరికంతా. తన పనితనం ఊరంతా ఒప్పుకుంటే ఆమె మాత్రం ఒప్పుకోదా అని ఆశ.

మొన్న చర్చి వాళ్లంతా వాడరేవు బీచికి షికారుకెళ్లారు. మిరప వ్యాపారి మాలిక్ కూడా కొత్త స్పోర్ట్స్ బండేసుకుని అక్కడికే వచ్చాడు. బండి గొప్పా, తోలేవాడు గొప్పా అని మాటామాటా పెరిగి, చేపలారేసే చోటు నుంచి పడవల దాకా ఇసకలో పందెం వేసుకున్నారు.

మాలిక్ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పేసరికి కొత్త బండి వెనక చక్రం సగం దాకా ఇసకలో దిగబడింది. జక్రయ్య బస్తాకి ఆనుకుని, బ్రేకు జోలికే పోకుండా, రేగడి బురదలో పోయినట్టే నిమ్మళంగా పోయి పడవల దగ్గర ఆగాడు. పొగడ్తల కోసం వెనక్కి తిరిగాడు.

జనమంతా వచ్చి బండి చుట్టూ మూగారు. పాతకాలం ఇంజను, ఆ ఇనుమే వేరన్నారు. పాస్టరుగారైతే పెట్రోలు ట్యాంకు మీద చెయ్యేసి దీవించినంత పని చేశారు. జక్రయ్య మొహం వంక చూసిన పాపాన పోలేదు ఒక్కడూ.

ఒళ్లు మండిపోయి, దిగబడ్డ కొత్త బండిని పైకి లాగించి, బండ్లు మార్చుకుని మళ్లీ పోదాం రమ్మన్నాడు జక్రయ్య. మాలిక్ ఎగిరి గంతేసి పాత బండెక్కాడు, బస్తాతో సహా.

"బస్తా దింపను బాబాయ్. అది లేకపోతే నువ్వు సున్నా అని అందరికీ తెలుసు," అన్నాడు.

ఆ మాట జక్రయ్య కంటే రెబ్కాకి ఎక్కువ గుచ్చుకుంది. తన మొగుణ్ణి తాను అనొచ్చు గానీ, దారినపోయేవాళ్లు అనడమేంటి? కొంగు దోపి, చెప్పులు చేత్తో పట్టుకుని, బస్తా బదులు తానే కొత్త బండి వెనక ఎక్కి కూచుంది.

జక్రయ్య పందెం సంగతే మర్చిపోయి, ఆమె పడకూడదన్న ఒక్క ధ్యాసతో తోలాడు. పడవల దగ్గర ఆగి చూస్తే, బస్తా బరువు ఆపుకోలేక మాలిక్ బండితో సహా అలల్లో ఉన్నాడు.

కొత్త బండాయె, గెలవక ఏం చేస్తుందన్నారు జనం.

జక్రయ్యకి ఏడుపొక్కటే తక్కువ. "రెండు బండ్ల మీదా గెలిచింది నేనే గదే! ఒక్కడన్నా నన్ను మెచ్చుకోడేంది?"

"నన్ను కాలవలో పడేసిన రోజు తప్పు నీది కాదు, బండిదన్నావు," అంది రెబ్కా. "పడేస్తే బండీ, గెలిస్తే నువ్వూనా?"



"ఆ రోజు తప్పు నాదేలే. పక్కచేలో మిరపకాపు చూస్తా తోలాను," అన్నాడు జక్రయ్య.

బండినీ, తడిసిన బస్తానీ నీళ్లలోంచి ఈడ్చుకొచ్చి, అలవాటు కొద్దీ తన బండికి కట్టబోయాడు. రెబ్కా తాడు లాగేసుకుంది.

"దాన్ని ఆటోలో పంపు," అంది.