మూతపడని మైకు

నేను ఒక హెడ్‌సెట్‌ని. తలమీద వంపు, చెవులకు రెండు మెత్తటి దిండ్లు, నోటి దగ్గరికి వంగిన మైకు, తీగ మధ్యలో ఒక చిన్న మీట, దాని పక్కన పచ్చదీపం. ఆ మీట నొక్కితే దీపం ఆరాలి, మైకు మూగబోవాలి. మనుషులు అవతలివాళ్ళతో ఒకటి మాట్లాడి, పక్కవాళ్ళతో ఇంకొకటి మాట్లాడతారని ముందే తెలిసినవాడెవడో దాన్ని కనిపెట్టి ఉంటాడు.

నా మొదటి యజమాని హేమంత్. హైదరాబాద్‌లో ఒక కాల్‌సెంటర్‌లో పనిచేసేవాడు. "తప్పకుండా సార్" అనేవాడు, మీట నొక్కి ఆ సారుని నోటికొచ్చినట్టు తిట్టేవాడు, మళ్ళీ మీట నొక్కి "చెప్పండి సార్" అనేవాడు. రోజంతా ఇదే పని. మీట లోపల ఏదో అరిగిపోయింది. పచ్చదీపం మాత్రం బుద్ధిగా ఆరేది, వెలిగేది. ఒకరోజు దీపం ఆరే ఉంది, తిట్టు మాత్రం నేరుగా సారు చెవిన పడింది. హేమంత్ ఉద్యోగం ఊడింది.

ఆ సంగతి చెప్పకుండా నన్ను పాలకొల్లు దగ్గర ఉండే వాళ్ళక్క ఇందుమతికి ఇచ్చేశాడు.

ఇందుమతి అంగన్‌వాడీ టీచరు. పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో పూర్తి చేస్తోంది. అది చేతికొస్తే సూపర్‌వైజర్ పోస్టుకి పోటీ పడొచ్చు. అన్నీ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ ఒక్కటే రెండుసార్లు తన్నేసింది. ఈసారీ పోతే వదిలేస్తానని అత్తగారు చిట్టెమ్మతో అనేసింది కూడా.

అప్పుడే ఆమె ఒక ఆన్‌లైన్ గ్రూపులో చేరింది. అందరూ అదే పేపరు తప్పినవాళ్ళు. తునిలో ఎరువుల కొట్టులో పనిచేసే ప్రభాకర్‌గారు పెద్దదిక్కు. సూత్రాలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. కడప నుంచి షబానా, ఇంకో నలుగురైదుగురు. రోజూ సాయంత్రం ఫోన్లో కలుసుకునేవాళ్ళు. ఇందుమతికి నలుగురిలో మాట్లాడాలంటే మహా సిగ్గు. ఫోన్ని ఆవకాయ జాడీకి ఆనించి, నా మీట నొక్కి, దీపం ఆరిందని చూసుకుని, కూరగాయలు తరుగుతూ వినేది.

విని ఊరుకుంటేనా! ప్రభాకర్‌గారు ప్రామాణిక విచలనం గురించి గుక్కతిప్పుకోకుండా చెప్పగానే ఈవిడ అత్తగారి వైపు తిరిగి, "ఈయన చెప్పేది ఈయనకైనా ఎక్కిందో లేదో" అనేది.

"ఇంతకీ ఏమిటే అది?" అనేది చిట్టెమ్మ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

"మా సెంటర్లో పిల్లల బరువులు సగటు తీస్తే అందరూ బాగున్నట్టే కనిపిస్తారు అత్తయ్యా. ఒకడు బొద్దుగా ఉంటాడు, పక్కది పుల్లలా ఉంటుంది. సగటుకి అది పట్టదు. ఎవరు సగటుకి ఎంత దూరంగా ఉన్నారో చెప్పేదే ఈ విచలనం."

అవతల గ్రూపు మొత్తం ఊపిరి బిగబట్టి వింటోంది. మైకు తెరిచే ఉందని ఒక్కరూ చెప్పలేదు.

ఈవిడా తప్పులు చెప్పేది. "వరసగా మూడుసార్లు బొమ్మ పడితే నాలుగోసారి బొరుసే పడాలి" అని అత్తగారికి ఘంటాపథంగా చెప్పిందోసారి. మర్నాడు ప్రభాకర్‌గారు గొంతు సవరించుకుని, "కొందరు ఇలా అనుకుంటారు. నాణేనికి పాత సంగతులు గుర్తుండవండి. ఎన్నోసారైనా అవకాశం సగమే" అన్నారు.

ఇందుమతి కత్తిపీట దగ్గర ఆగిపోయింది. "ఈయనేంటి అత్తయ్యా, మన వంటింట్లో కూర్చున్నట్టే చెబుతున్నాడు!"

పరీక్షకి వారం ఉందనగా హేమంత్ వచ్చాడు. నన్ను చూడగానే, "ఇదింకా వాడుతున్నావా? దీనికి మ్యూట్ పనిచేయదు కదక్కా" అన్నాడు తాపీగా.

 ఇందుమతికి ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ప్రభాకర్‌గారిని ఎరువుల బస్తా అన్నది, ఆయన దగ్గుని వెక్కిరించింది, ఆఖరికి చిట్టెమ్మ మోకాళ్ళకి తైలం రాస్తూ మాట్లాడుకున్నవీ. అక్కడికక్కడే గ్రూపులోంచి తప్పుకుంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పుస్తకం అటక ఎక్కింది.

మర్నాడు షబానా ఫోన్ చేసింది. "యాడికి పోయినావక్కా? సారు చెప్పేది మేం రాసుకుంటాం. అర్థమయ్యేది నువ్వు చెప్తేనే. అత్తమ్మ 'ఏమిటే అది' అని అడిగేదాకా మేం పెన్ను కింద పెట్టం తెల్సా?"

 సాయంత్రం ప్రభాకర్‌గారే ఫోన్ చేశారు.

"అన్నీ విన్నానండి. నాకైనా ఎక్కిందా అన్నారు చూశారా?"

"క్షమించండి సార్..."

"ఎక్కలేదండి. నాకు సూత్రమే వచ్చు. అదేమిటో మీరు చెప్పాకే తెలిసింది. మైకు మూతపడట్లేదని చెబితే మీరు మాట్లాడ్డం మానేస్తారని ఎవరం చెప్పలేదు. నేనే వద్దన్నాను. తప్పు నాది."

ఇందుమతి ఏడుస్తూనే నవ్వేసింది. "దగ్గుకి మిరియాల కషాయం తాగండి సార్" అంది.

అటక మీది పుస్తకం దిగింది. ఆ వారం ఆవిడ దొంగచాటుగా కాదు, అందరికీ వినపడేలా చెప్పింది. మొదటిరోజు రాసుకున్నది చూసి చదివింది. రెండోరోజు ప్రభాకర్‌గారినే, "ఆగండి సార్, అంత తొందరెందుకు?" అని ఆపేసింది.

ఫలితాలొచ్చాయి. ఇందుమతి పాసైంది. షబానాకి ఇంకా మంచి మార్కులు. ప్రభాకర్‌గారు మాత్రం కొద్దిలో తప్పారు.  ఆయనే గ్రూపులో "అందరికీ అభినందనలు, సెలవు" అని పెట్టారు.

ఇందుమతి వెంటనే ఫోన్ చేసింది. "సెలవేంటి సార్? రేపు సాయంత్రం మామూలే."

ఇప్పుడు వాళ్ళు స్పీకరు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. నా అవసరం లేదు. వంటింటి గూట్లో పాత చార్జర్ల మధ్య పడుకుని వింటుంటాను. ప్రభాకర్‌గారిప్పుడు సూత్రం చెప్పి ఊరుకోరు, ఎరువుల బస్తాల తూకాలతో తంటాలుపడి వివరిస్తారు. నిన్న అలాగే చెమటలు కక్కుతూ సంభావ్యత మొత్తం చెప్పి ఆగారు. ఇందుమతి తను వివరించకుండా కావాలనే అత్తగారి వైపు చూసింది.

చిట్టెమ్మ చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టి, ఫోన్ దగ్గరికి జరిగింది.

"బాబూ ప్రభాకరం, సగందాకా బాగానే అర్థమైంది. అక్కణ్ణుంచి మళ్ళీ చెప్పు."